గ్యాడ్సన్ పేరున వచ్చిన కవర్లు

మా అక్క ఒరేథా మీద నాకున్న కోపం ఇవాళ పుట్టింది కాదు. కానీ మొగుడు పోయాక క్లీవ్‌లాండ్ నుంచి తిరిగొచ్చి ఇక్కడ మకాం పెట్టిన దగ్గర్నుంచి, చర్చి భోజనాల దగ్గర, జుట్టు దువ్వించుకునే షాపులో, ఎక్కడ నలుగురు కూర్చుంటే అక్కడ ఒకటే పాట పాడుతోంది. "మా తమ్ముడు లెమ్ ఒక్క కవరు చింపి చూసుంటే ఆ ఇల్లు మాకు దక్కేది. నలభై ఏళ్ళ గాడిద, కాగితం కవరుకి భయపడ్డాడు." విన్నవాళ్ళు నవ్వుతారు. నాకు తెలిసినవాళ్ళే. పోయిన ఆదివారం వేయించిన చేప పళ్ళెంలో పెట్టుకుని పాస్టరుగారి భార్య కూడా నవ్వింది.

ఒరేథా పద్దెనిమిదో ఏట ఆ ఇంట్లోంచి బయటపడింది. తర్వాత ఆ ఇంట్లో ఉన్నది నేను. ఆవిడ చెప్పేది సగం. మిగతా సగం నేను రాస్తున్నాను. బడి నేను పదహారో ఏటే మానేశాను. ఎందుకు మానేశానో కూడా ఇందులోనే ఉంది.

మా నాన్న పేరు హెజకయా గ్యాడ్సన్. దక్షిణ కరొలైనాలో పత్తి చేలల్లో పెరిగి, పంతొమ్మిదేళ్ళకి బాల్టిమోర్ బస్సెక్కి వచ్చి, ఉక్కు ఫ్యాక్టరీలో బొగ్గు కొలిమి దగ్గర ముప్ఫై నాలుగేళ్ళు చేశాడు. తెల్లవాడికి చల్లటి పని, నల్లవాడికి కొలిమి పని. అప్పట్లో అదే లెక్క. ఊరికి పడమటి వైపు, గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళ వరసలో ఒక ఇల్లు కొన్నాడు. ముందు మూడు తెల్లరాతి మెట్లు. శనివారం పొద్దున్నే మోకాళ్ళ మీద కూర్చుని, రాయీ సబ్బుపొడీ పెట్టి ఆ మెట్లు నేను తోమాలి. ఆయన కాలి జోడు విప్పి, తెల్ల సాక్సుతో మూడో మెట్టు దాకా ఎక్కేవాడు. సాక్సు అడుగు తిప్పి చూసేవాడు. మచ్చ పడితే మళ్ళీ మొదట్నుంచి.

ఆయన్ని మేము నాన్నా అని పిలవలేదు. 'సర్' అనేవాళ్ళం. వీధి దీపాలు వెలిగేలోపు ఇంట్లో ఉండాలి. షాపులోకి వెళ్తే చేతులు జేబులో పెట్టకూడదు. ఒక్క చూయింగ్ గమ్ కొన్నా సంచీ, రసీదు అడిగి తీసుకోవాలి. పోలీసు కారు పక్కన ఆగితే పరిగెత్తకూడదు, నవ్వకూడదు, నేల చూడకూడదు, కళ్ళలోకీ చూడకూడదు. ఇక ఎక్కడ చూడాలి సర్ అని ఒకసారి అడిగాను. "టోపీ మీద బిళ్ళ చూడు. నంబరు గుర్తుపెట్టుకో" అన్నాడు.

అరవై ఎనిమిదిలో మా నల్లవాళ్ళ పేటల్లో అల్లర్లు రేగి షాపులు తగలబడుతుంటే నాలుగు రోజులు మమ్మల్ని నేలమాళిగలో కూర్చోబెట్టి, తను పై మెట్టు మీద కుర్చీ వేసుకు కూర్చున్నాడు. ఎదురింటి కుర్రాడు అద్దాలు పగిలిన షాపులోంచి కొత్త బూట్లు మూడు జతలు తెచ్చుకున్నాడు. "మనకి బూట్లున్నాయి" అన్నాడు మా నాన్న. నా బూటుకి బొటనవేలు పట్టేంత చిల్లుంది.

ఇవన్నీ ఆ వీధిలో చాలామంది తండ్రులు పెట్టిన నియమాలే. మా ఇంట్లో మాత్రమే ఉన్నది ఉత్తరాల నియమం. మా తలుపుకి ఇత్తడి రెప్ప ఉండేది. పోస్టుమ్యాన్ అందులోంచి తోసిన కాగితాలు లోపల నేల మీద పడేవి. మా నాన్న పేరున్నది ఎవరూ ముట్టుకోకూడదు. ఆయన డ్యూటీ నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, కళ్ళద్దాలు పెట్టుకుని, తనే వంగి ఏరుకుని, జేబుకత్తితో చింపేవాడు. అప్పటిదాకా మా అమ్మ కూడా బట్టల గంప నెత్తుకుని ఆ కవర్లని దాటుకుంటూ తిరిగేది.

డెబ్బై మూడు ఏప్రిల్‌లో నాకు పన్నెండేళ్ళు. మా బడిలో నక్షాలు గీయడం నేర్పే టీచరు నన్నూ ఇంకో ఇద్దర్నీ ఊరవతల సాంకేతిక హైస్కూలు పరీక్షకి పంపాడు. మా వీధి నుంచి ఆ స్కూలుకి అంతకుముందు ఎవడూ పోలేదు. ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి ఆ స్కూలు ముద్ర ఉన్న కవరు నేల మీద పడి ఉంది. పైన మా నాన్న పేరు. అమ్మ ఎవరింట్లోనో బట్టలు ఇస్త్రీ చేయడానికి పోయింది. నేను దాన్ని దాటాను. వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగాను. మళ్ళీ దాటాను. నాలుగోసారి దాటలేక చింపేశాను.

సీటు వచ్చింది. నేను కాగితం పట్టుకుని వీధిలోకి గెంతి, పక్కింటి మిస్ పెర్లీన్ చెవులు చిల్లులు పడేలా చదివి వినిపించాను. ఆవిడ నన్ను ఎత్తుకున్నంత పని చేసింది. అంతలో మా నాన్న మూల తిరిగాడు, చేతిలో ఖాళీ టిఫిన్ డబ్బా.

"అది ఎవరి పేరున వచ్చింది?"

"మీ పేరున, సర్."

"నీ పేరేంటి?"

"లెమ్యుయెల్ గ్యాడ్సన్, సర్."

"దాని మీద లెమ్యుయెల్ అని ఎక్కడుందో వేలు పెట్టి చూపించు."

చింపిన కవరు రెండు చేతులా గుండెకి ఆనించి పట్టుకుని, భోజనాల వేళ దాకా పై మెట్టు మీద నిలబడమన్నాడు. వీధి పిల్లలంతా పోగయ్యారు.

"ఏరా పోస్టుమ్యాన్, నాకేమన్నా ఉత్తరముందా?"

"మా బామ్మ పెన్షన్ ఏదిరా? నువ్వే మింగేశావా?"

మిస్ పెర్లీన్ కటకటాల మీంచి వంగి అరిచింది. "హెజకయా! పిల్లాడు చింపింది మంచి కబురేనయ్యా! కేకు చేసి పెట్టాల్సింది పోయి దిష్టిబొమ్మలా నిలబెడతావా?"

"మీ వంటింట్లో కేకు మీరు చేసుకోండి మిస్ పెర్లీన్. నా గుమ్మం సంగతి నేను చూసుకుంటా."

నిలబడ్డం నాకు కష్టమనిపించలేదు. ఆ స్కూలుకి తండ్రి సంతకం కావాలి. మే ఒకటి లోపల పంపాలి. ఆయన ఆ కాగితం మడిచి, ఆ కవరులోనే పెట్టి, తన సొరుగులో పడేశాడు. "దొంగతనంగా తెలుసుకున్న కబురుకి నేను సంతకం పెట్టను" అన్నాడు. అమ్మ బతిమాలింది, ఏడ్చింది, రెండు రోజులు వంట మానేసింది. మూడో రోజు భోజనం దగ్గర ఆయన నోరు తెరిచాడు. ఆ సంగతి జీవితంలో ఒక్కసారే చెప్పాడు.

"మా ఊళ్ళో ఉత్తరాలన్నీ భూమి ఆసామి కొట్టుకి వచ్చేవి. మా అన్న నాకు బస్సు డబ్బులు పెట్టి ఉత్తరం రాశాడు. ఆసామి కవరు చింపి, డబ్బు మా అప్పు కింద జమ చేసుకున్నాడు. ఉత్తరం అరుగు మీద కూర్చున్న తెల్లవాళ్ళందరికీ పైకి చదివాడు. మా అన్నకి రాయడం సరిగ్గా రాదు. చదివిన ప్రతి మాటకీ నవ్వారు. నన్ను చూశారు. నేను కూడా నవ్వాను. నవ్వకపోతే ఏమయ్యేదో మీకు తెలియదు." కాసేపు ముద్ద నమిలాడు. "నా పేరున్న కాగితం నాకంటే ముందు ఇంకెవడూ చూడకూడదని ఆరోజు అనుకున్నా. నా కొడుకైనా సరే."

అర్థమైంది. నాకు పన్నెండేళ్ళకే బాగా అర్థమైంది. అర్థమైతే ఏం లాభం? మే ఒకటి వచ్చింది, పోయింది. మిగతా ఇద్దరు కుర్రాళ్ళు ఆ స్కూలుకి వెళ్ళారు. ఒకడు ఇప్పుడు వంతెనలు కడతాడు. నేను మా పేటలో బడికి వెళ్ళి, ఇరవై ఏళ్ళ పాత పుస్తకాల ముందు నాలుగేళ్ళు కూర్చుని, పదహారు నిండగానే మానేసి బస్సు డిపోలో బస్సులు కడిగే పనికి చేరాను. మా నాన్న "డ్యూటీకి పావుగంట ముందే ఉండు" అన్నాడు, అంతే.

పెళ్ళి చేసుకున్నాను, రెండేళ్ళు నిలిచింది. "నీకు పెళ్ళాం ఎందుకు లెమ్, నీకు కావాల్సింది పర్మిషన్" అని వెళ్ళిపోయింది. ఎనభై తొమ్మిదిలో అమ్మ పోయింది. నేను తిరిగి నా పాత గదిలోకే వచ్చాను. వీధిలో సగం ఇళ్ళు ఖాళీ అయితే తలుపులకి చెక్కలు కొట్టేశారు, మూల మీద కుర్రాళ్ళు మత్తుమందు అమ్ముతున్నారు. వాళ్ళు కూడా మా నాన్న వస్తుంటే సిగరెట్టు దాచేవాళ్ళు. మా మెట్లు మాత్రం తెల్లగానే ఉండేవి. శనివారం శనివారం తోముతూనే ఉన్నాను.

ఇక్కడ మా ఊరి విడ్డూరం ఒకటి చెప్పాలి. బాల్టిమోర్‌లో ఇల్లు నీదైనా, ఇంటి కింద మట్టి ఇంకొకడిది కావచ్చు. ఆ మట్టికి ఆర్నెల్లకోసారి నేల అద్దె కట్టాలి. కట్టకపోతే మట్టి గలవాడు కోర్టుకి పోయి ఇల్లే లాక్కోవచ్చు. మిస్ పెర్లీన్ ఇంటికి ఉంది. మా నాన్న ఆవిణ్ణి ఎగతాళి చేసేవాడు. "ఇంత వయసొచ్చి ఇంకా తెల్లవాడి మట్టి మీద నిద్రపోతున్నారా? నా ఇల్లు చూడండి. నేలమాళిగ దగ్గర్నుంచి తారు కప్పు దాకా గ్యాడ్సన్‌ది." మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి ఆయన, చర్చికి దాచుకున్న ఆదివారం టోపీ పెట్టుకుని ఒక్కడే బస్సెక్కి ఊళ్ళోకి వెళ్ళొచ్చేవాడు. యూనియన్ ఆఫీసు పని అనుకునేవాళ్ళం. ఎక్కడికి సర్ అని అడిగే మనిషి ఆ ఇంట్లో లేడు.

తొంభై ఎనిమిది ఫిబ్రవరిలో ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిపక్క మొత్తం పడిపోయింది. మాట పోయింది. గొంతులోంచి 'మ్మ్' అని ఒక చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎడమ చెయ్యి ఆడేది కానీ పెన్ను పెడితే గీత కూడా పడేది కాదు. నేను రాత్రి డ్యూటీకి మారి, పగలంతా కడగడం, తినిపించడం, పక్క తిప్పడం చేశాను. ఒరేథా క్లీవ్‌లాండ్ నుంచి పువ్వులు పంపింది. అక్కడ ఆసుపత్రిలో నర్సమ్మ మరి!

కరెంటు, గ్యాసు కౌంటరులో అడ్రసు చెప్పి కట్టాను. ఇంటి పన్ను సిటీ ఆఫీసుకి పోయి కట్టాను. రసీదులన్నీ ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. వీటికి కవరు చింపక్కర్లేదు. నేలమీద పడిన కవర్లని మాత్రం, మా నాన్న వంగలేడు కాబట్టి, నేనే ఏరి, దుమ్ము దులిపి, మేడ మీద ఆయన మంచం దగ్గరికి తీసుకెళ్ళేవాణ్ణి. పేరు కనపడేలా పక్క మీద పెట్టేవాణ్ణి.

జూన్‌లో గోధుమరంగు కవరు ఒకటి వచ్చింది. ఆయన దాన్ని చూసి కళ్ళు పెద్దవి చేశాడు. ఎడమ చెయ్యి ఎత్తి కవరు మీద కొట్టాడు. టప్, టప్, టప్. "మ్మ్! మ్మ్!"

"లేదు సర్. చింపను" అన్నాను. "మీ పేరున్నది ఎవరూ ముట్టుకోరు. మీరు లేచాక మీరే చూసుకుందురు గాని."

ఆయన ఇంకా గట్టిగా కొట్టాడు. కవరు నా వైపు నెట్టాడు. తీసి అవతల పెట్టమంటున్నాడనుకున్నాను. అద్దాల బీరువా మీద, తేదీల వరసన పెట్టాను. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారాయి. నేను తువ్వాలుతో తుడిచాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది కానీ రాస్తాను. ఇన్నేళ్ళకి నేను సరైన పని చేశానని ఆయన ఏడుస్తున్నాడనుకున్నాను. కిందికి దిగేటప్పుడు ఛాతీ కొంచెం పొంగింది కూడా.

అలా మూడేళ్ళు. గోధుమరంగు కవర్లు వస్తూనే ఉన్నాయి. ప్రతిదీ మేడ మీదికి తీసుకెళ్ళాను. ప్రతిసారీ ఆయన కొట్టాడు, ప్రతిసారీ నేను మాటిచ్చాను. ఒకసారి రిజిస్టరు ఉత్తరం వచ్చింది. పోస్టుమ్యాన్ కుర్రాడు, కొత్తవాడు.

"ఇక్కడ సంతకం కొట్టు బాబాయ్."

"హెజకయా గ్యాడ్సన్ ఆయన. నేను ఆయన కొడుకుని."

"ఒకే ఇంట్లో ఉంటారుగా? గీకెయ్, ఎవడడిగాడు?"

"అడిగేవాడు మేడ మీదున్నాడు" అని తలుపు వేసుకున్నాను.

ఇంకోసారి తలుపుకి ఏదో కాగితం అంటించి పోయారట. గాలికి ఊడితే మిస్ పెర్లీన్ మనవరాలు తెచ్చి ఇచ్చింది. మడత మీద మా నాన్న పేరు. విప్పలేదు. అదీ వరసలో చేరింది.

రెండువేల ఒకటి అక్టోబరు, మంగళవారం పొద్దున తొమ్మిదింటికి తలుపు కొట్టారు. షెరీఫ్ ఆఫీసు మనుషులిద్దరు, తాళాలవాడు ఒకడు, కుర్ర లాయరు ఒకడు. లాయరు బూటు నా మెట్టు మీద మట్టి ముద్ర వేసింది.

"హెజకయా గ్యాడ్సన్?"

"మేడ మీద. మంచంలో. ఏంటి సంగతి?"

"నేల అద్దె బాకీ. తీర్పు అయిపోయింది. ఇల్లు ఖాళీ చెయ్యాలి."

నాకు నవ్వొచ్చింది. నిజంగా నవ్వాను. "తప్పు గుమ్మానికి వచ్చావు బాబూ. నేల అద్దె పక్కింటికి. మాకు లేదు."

వాడు ఫైలు తిప్పాడు. "యాభై ఎనిమిది నుంచి తొంభై ఏడు నవంబరు దాకా స్వయంగా వచ్చి కట్టాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ తర్వాత ఆపేశాడు. పాత ఓనరు మా క్లయింటుకి అమ్మేశాడు. మేము ఎన్ని ఉత్తరాలు రాశామో మీకే తెలియాలి."

మే నెల. నవంబరు నెల. ఆదివారం టోపీ.

"ఎంత? ఇప్పుడే కడతా. చేతిలో పెడతా."

"గడువు పోయిన నెలతో అయిపోయింది సర్." నన్ను సర్ అన్నాడు. "ఇప్పుడు ఈ ఇల్లు మీది కాదు."

మిస్ పెర్లీన్ పరుగున వచ్చింది, కాలికి ఒక చెప్పు లేదు. "ఇదేంట్రా లెమ్? ఆయన మట్టి కూడా తనదేనన్నాడుగా!"

"ఇల్లు తనదన్నాడు" అన్నాను. "మట్టి గురించి మనం అడగలేదు."

షెరీఫ్ మనుషులిద్దరూ నల్లవాళ్ళే. అందులో పెద్దాయన టోపీ తీశాడు. మా నాన్నని వంటింటి కుర్చీలో కూర్చోబెట్టి, దుప్పటి చుట్టి, ఆ పెద్దాయనా నేనూ చెరో వైపు పట్టుకుని దింపాం. వీధి మొత్తం బయట నిలబడి చూసింది. మూల మీద కుర్రాళ్ళు కూడా టోపీలు తీశారు. మా నాన్న ఎవరినీ చూడలేదు. పెద్దాయన ఛాతీ మీది బిళ్ళ వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఆయన్ని సిటీ వాళ్ళ వృద్ధాశ్రమంలో పెట్టారు. ఒరేథా విమానమెక్కి వచ్చి, కవర్ల సంగతంతా నా చేత చెప్పించుకుంది. మంచం పక్కనే, ఆయన వింటుండగానే మొదలుపెట్టింది.

"ఒరేయ్ తెలివితక్కువ వెధవా, ఆయన చింపమని మొత్తుకుంటున్నాడురా! మూడేళ్ళు కవరు మీద కొట్టి కొట్టి చెప్పాడు! ఇంకెలా చెప్పాలి?"

"నువ్వు చూశావా? పక్కనున్నావా?"

"చూడక్కర్లేదు! చెయ్యి కవరు మీద కొడితే 'చింపు' అని కాక ఇంకేమిటి అర్థం?"

"ఆ చెయ్యి పుట్టి బుద్ధెరిగాక నాకు 'చింపు' అని ఎప్పుడు చెప్పింది అక్కా? ఒక్కసారి చెప్పు. ఎప్పుడు?"

మేమిద్దరం ఆయన వైపు చూశాం. ఏది నిజమో ఆయనొక్కడికే తెలుసు. ఎడమ చెయ్యి దుప్పటి మీద కదలకుండా ఉంది. నేను వంగి అడిగాను. "సర్, చింపమన్నారా? అవునైతే ఒకసారి కొట్టండి." ఆయన కళ్ళు మూసుకున్నాడు. జనవరిలో పోయాడు. ఇప్పటికీ ఏది అన్నాడో నాకు తెలియదు. ఒరేథాకి మాత్రం తెలుసట. చర్చి మొత్తానికి చెబుతోంది.

పాతిపెట్టి వచ్చాక, ఆ ఇంట్లోంచి అట్టపెట్టెలో తెచ్చుకున్న కవర్లు ముందేసుకుని కూర్చున్నాను. ఇక ఆ పేరు గలవాడు లేడు కాబట్టి చింపాను. తేదీల వరసనే, ఒక్కొక్కటీ. మొదటి ఉత్తరం మర్యాదగా ఉంది. 'మీ ఆరోగ్యం బాగుందని తలుస్తాము, ఇన్నేళ్ళలో మీరు ఆలస్యం చేయడం ఇదే మొదలు' అని. తర్వాతివి మర్యాద తగ్గుతూ పోయాయి. చివరి దానిలో కోర్టు వాళ్ళు స్థలం కొలతలు, బాకీ రాశారు.

స్థలం, వీధి వైపు పద్నాలుగు అడుగుల రెండు అంగుళాలు, వెనక సందు దాకా డెబ్బై ఒక్క అడుగులు, దాని మీదున్న ఇటుక ఇంటితో సహా. బాకీ, ఖర్చులు కాక, ఏడు అర్ధసంవత్సరాలకి, ఒక్కొక్కటి ముప్ఫై తొమ్మిది చొప్పున, రెండువందల డెబ్బై మూడు డాలర్లు.